పెద్ద సరస్సుల్లో ట్రౌట్, సాల్మన్ ట్రోలింగ్: గోదావరి జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం వైపుల నుంచి ఏటా వేసవిలో పిల్లల దగ్గరికి చికాగో, డెట్రాయిట్, టొరంటో వెళ్ళే పెద్దవారిలో చిన్నతనం నుంచి కాలవగట్ల మీద గాలం వేసినవారు చాలామందే ఉంటారు. అక్కడి మహా సరస్సులను (గ్రేట్ లేక్స్) చూశాక వారికి కలిగే సందేహాలనూ, అక్కడే స్థిరపడి కొత్తగా పడవ కొనుక్కున్న మన కుర్రవాళ్ళు అడిగే ప్రశ్నలనూ కలిపి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. లోతులు మీటర్లలో, ఉష్ణోగ్రతలు సెల్సియస్‌లో చెప్పాము. అక్కడి పడవవాళ్ళు అడుగుల్లో, ఫారన్‌హీట్‌లో మాట్లాడతారు కనుక అవసరమైన చోట ఆ లెక్కలు కూడా చేర్చాము.

ట్రోలింగ్ అంటే ఏమిటి? కాకినాడ రేవు నుంచి వెళ్ళే ట్రాలర్లు చేసేది ఇదేనా?

కాదు. ట్రాలర్ పెద్ద సంచి వలను నీటి అడుగున ఈడ్చుకుంటూ పోతుంది. దారిలో ఉన్నదల్లా అందులో పడుతుంది. ట్రోలింగ్‌లో వల ఉండదు. పడవ మనిషి నడక వేగంతో సాగుతూ ఉంటే, దాని వెనకా పక్కలా నాలుగు నుంచి పన్నెండు వరకు గాలాలు వేర్వేరు లోతుల్లో ఎరలను లాక్కుంటూ వస్తాయి. వంజరం కోసం, ట్యూనా కోసం పడవ వెనక గాలం తాడు వదలడం మన తీరంలో ఎరగని పనేమీ కాదు. మంచినీటి సరస్సులో తేడా అల్లా, ఎరను ఎంత లోతులో నడపాలన్నది పైపైన తేలేది కాకపోవడమే. మిగతా ప్రశ్నల్లో సగం ఆ లోతు గురించే.

ఒడ్డున కూర్చుని బెండు కట్టి వేస్తే పడవా? పడవ నడపవలసిన అవసరం ఏమిటి?

వసంతంలో, శరత్కాలంలో కొన్ని వారాల పాటు రేవు గోడల మీద నుంచి, ఏటి మొగల దగ్గర నుంచి వేసినా పడతాయి. ఎండాకాలంలో మాత్రం చేప ఒడ్డుకు మైళ్ళ దూరంలో, చాలా లోతులో ఉంటుంది. మన కొల్లేరు నిండుగా ఉన్నప్పుడు కూడా చాలా చోట్ల మనిషి నిలబడగలిగినంత లోతే ఉంటుంది. మిషిగన్ సరస్సు విస్తీర్ణం సుమారు 57,800 చదరపు కిలోమీటర్లు, అత్యధిక లోతు 281 మీటర్లు. సుపీరియర్ సరస్సు లోతు 406 మీటర్లు. ఇంత నీటిలో సాల్మన్ ఒక చోట కాపురం పెట్టే చేప కాదు. చిన్న చేపల గుంపుల వెంట రోజంతా తిరుగుతూనే ఉంటుంది. కొర్రమీను ఏ తూటికాడ కింద ఉందో కనిపెట్టి దాని ముందు ఎర ఆడించే పద్ధతి ఇక్కడ చెల్లదు. తిరిగే చేపను తిరుగుతూనే వెతకాలి.

అక్కడ ఏయే చేపలు పడతాయి? అవన్నీ అక్కడి చేపలేనా?

పుట్టుకతో అక్కడిది లేక్ ట్రౌట్. ఒంటారియో సరస్సులో ఒకప్పుడు అట్లాంటిక్ సాల్మన్ కూడా సహజంగా ఉండేది గాని 19వ శతాబ్దం ముగిసేసరికి అది అక్కడ అంతరించిపోయింది. రెయిన్‌బో ట్రౌట్‌ను 1870లలో, బ్రౌన్ ట్రౌట్‌ను 1880లలో తెచ్చి వదిలారు. సరస్సులో పెరిగి గుడ్లకు ఏరు ఎక్కే రెయిన్‌బోను అక్కడ స్టీల్‌హెడ్ అంటారు. ఇప్పుడు ట్రోలింగ్ పడవలు ప్రధానంగా వెతికే చినూక్, కోహో సాల్మన్‌లు పసిఫిక్ తీరపు చేపలు.

అవి అక్కడికి ఎలా చేరాయన్నది చెప్పుకోదగిన కథ. నయాగరా జలపాతాన్ని తప్పించుకుంటూ తవ్విన వెల్లండ్ కాలువ మీదుగా సముద్రపు లాంప్రే అనే ప్రాణి 1921 నాటికి ఈరీ సరస్సులోకి, 1930లు ముగిసేలోగా మిషిగన్, హ్యూరాన్, సుపీరియర్ సరస్సుల్లోకి ప్రవేశించింది. పాములా ఉండి, దవడలు లేని గుండ్రని నోటితో పెద్ద చేప ఒంటికి అతుక్కుని రక్తం పీల్చే ఈ లాంప్రే వల్ల, అప్పటికే విపరీతంగా సాగుతున్న వేట వల్ల 1950ల కల్లా చాలా సరస్సుల్లో లేక్ ట్రౌట్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. తినే పెద్ద చేప లేకపోయేసరికి ఏల్‌వైఫ్ అనే చిన్న చేప లెక్కకు మించి పెరిగింది. ఇది మన పులసకు దూరపు చుట్టం. ఇదీ సముద్రం నుంచి వచ్చినదే. 1967 వేసవిలో ఈ ఏల్‌వైఫ్‌లు చచ్చి మిషిగన్ సరస్సు ఒడ్డున గుట్టలుగా పడ్డాయి. అంతకు ముందే, 1950ల చివర్లో, ఏరుల్లో పెరిగే లాంప్రే పిల్లలను చంపే మందు కనిపెట్టారు. ఆ తరువాత మిషిగన్ రాష్ట్ర మత్స్య విభాగం అధిపతి హోవర్డ్ టానర్ చొరవతో 1966లో కోహో పిల్లలను, 1967లో చినూక్ పిల్లలను ఏరుల్లో వదిలారు. తిండి పుష్కలంగా ఉండటంతో అవి విశేషంగా ఎదిగాయి. ఇప్పుడు మిషిగన్ సరస్సులోని చినూక్‌లలో పెద్ద భాగం ఏరుల్లో సహజంగా పుట్టినవే.

ఈ కథ వేటగాడికి ఎందుకంటే, చినూక్ తిండి దాదాపుగా ఏల్‌వైఫ్ ఒక్కటే. హ్యూరాన్ సరస్సులో 2000లు మొదలైన కొద్ది ఏళ్ళలోనే ఏల్‌వైఫ్ కుప్పకూలింది, దానితో పాటే చినూక్ వేట కూడా కూలింది. ఎర చేప లేని చోట ఎంత ఖరీదైన సామాను పెట్టి తిరిగినా డీజిల్ ఖర్చే మిగులుతుంది.

అంత పెద్ద సరస్సులో చేప ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

ఈ పుటలో ఒక్క సమాధానమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. చేపను వెతకవద్దు, దానికి నచ్చే చల్లదనాన్ని వెతకండి.

చేప రక్తానికి సొంత వేడి లేదు; చుట్టూ నీరు ఎంత ఉంటే దాని ఒళ్ళూ అంతే. అందుకే ప్రతి జాతీ తనకు అరుగుదల, ఈత, ఊపిరి హాయిగా సాగే ఉష్ణోగ్రతను వెతుక్కుంటుంది. లేక్ ట్రౌట్‌కు సుమారు 8 నుంచి 11 డిగ్రీలు. చినూక్‌కు 10 నుంచి 13 డిగ్రీలు. అక్కడి పడవవాళ్ళు 54 ఫారన్‌హీట్ అని కంఠస్థంగా చెబుతారు, అది మన లెక్కలో 12. కోహో కూడా దాదాపు అక్కడే, ఒక డిగ్రీ అటూ ఇటూ. స్టీల్‌హెడ్‌కు 13 నుంచి 16, బ్రౌన్ ట్రౌట్‌కు ఇంకొంచెం వెచ్చన కూడా పనికి వస్తుంది. ఇవి గీత గీసిన హద్దులు కావు. ఆకలి మీద ఉన్న చినూక్ ఎర చేప కోసం చల్లని నీటిలోకి దిగుతుంది, వెచ్చని నీటిలోకీ ఎక్కుతుంది. కాసేపటికి తిరిగి తన చోటికి వస్తుంది.

ఎండాకాలంలో ఆగస్టు వచ్చేసరికి సరస్సు పైనీరు 20 డిగ్రీలు దాటవచ్చు, అడుగున మాత్రం 4 డిగ్రీలే ఉంటుంది. నీరు అన్నిటికన్నా బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర కనుక ఆ నీరు కిందే ఉండిపోతుంది, వెచ్చనీరు పాల మీద మీగడలా పైన పరుచుకుంటుంది. రెండింటికీ నడుమ కొద్ది మీటర్లలోనే ఉష్ణోగ్రత గబగబా పడిపోయే పొర ఒకటి ఏర్పడుతుంది. దాన్ని థర్మోక్లైన్ అంటారు. చినూక్, కోహో, వాటి తిండి కూడా ఈ పొర చుట్టుపక్కల పోగుపడతాయి. జూలై, ఆగస్టుల్లో ఇది తరచు 15 నుంచి 30 మీటర్ల లోతున ఉంటుంది. అంటే 281 మీటర్ల సరస్సులో మనం వెతకవలసింది నిజానికి ఐదారు మీటర్ల మందం గల ఒక్క పొరను.

నిన్న దొరికిన లోతులోనే ఇవాళ దొరకడం లేదు. కారణం ఏమిటి?

గాలి. ఒడ్డు నుంచి సరస్సు లోపలికి గాలి గట్టిగా వీస్తే అది వెచ్చని పైనీటిని తనతో తోసుకుపోతుంది, ఆ ఖాళీని నింపడానికి అడుగు చల్లనీరు ఒడ్డు దగ్గర పైకి వస్తుంది. రాత్రికి రాత్రి ఒడ్డు దగ్గరి నీరు 20 డిగ్రీల నుంచి 8 డిగ్రీలకు పడిపోవడం అక్కడ వింత కాదు. అప్పుడు సాల్మన్ కూడా ఒడ్డుకు దగ్గరగా, మీదికి వస్తుంది. గాలి తిరగబడి వెచ్చనీరు ఒడ్డుకు పోగుపడితే చేప మళ్ళీ లోతుకు, దూరానికి పోతుంది. మన ఏటి మొగల్లో పోటుపాట్లు చూసుకుని వల వేసినట్టే, అక్కడ గడచిన రెండు మూడు రోజుల గాలి దిక్కు చూసుకుని బయలుదేరాలి. రేపటి వాతావరణం ఒక్కటే చూసి బయలుదేరేవాడికి సగం సంగతే తెలిసినట్టు.

ఎరను 25 మీటర్ల లోతుకు దించి అక్కడే ఎలా నిలుపుతారు? సీసం కట్టినా పడవ కదులుతుంటే పైకి లేస్తుంది కదా?

లేస్తుంది. అందుకే డౌన్‌రిగ్గర్ అనే పనిముట్టు పుట్టింది. పడవ అంచున బిగించిన చిన్న రాట్నం, దానికి సన్నని ఉక్కు తీగ, తీగ చివర నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోల లోహపు గుండు: ఇంతే దాని స్వరూపం. వాడే వరస దగ్గరగా చూపిస్తాము, ఎందుకంటే మొదటిసారి చూసినవారికి ఇది తికమకగా ఉంటుంది. పడవ నడుస్తుండగా ముందు ఎరను నీటిలో వదిలి 5 నుంచి 15 మీటర్ల దారం వెనక్కి పోనిస్తారు. అక్కడ దారాన్ని గుండు పైనున్న చిన్న క్లిప్పులో ఇరికిస్తారు. తరువాత గుండును దించుతూ ఉంటే దారం దానితో పాటే దిగుతుంది. రాట్నం మీది లెక్క చూసి కావలసిన లోతులో ఆపుతారు. ఇప్పుడు దారం బిగుసుకునేలా రీలు చుడితే గాలపు కర్ర విల్లులా వంగి నిలబడుతుంది. చేప ఎరను లాగగానే క్లిప్పు వదులుతుంది, వంగిన కర్ర ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. ఆ క్షణం నుంచి గుండు బరువు ఏదీ లేకుండా మనిషికీ చేపకూ మధ్య దారం ఒక్కటే ఉంటుంది. కర్ర వంగితే చేప పడిందనుకోవడం మన అలవాటు. ఇక్కడ కర్ర వంపు పోవడమే గుర్తు.

ఒక జాగ్రత్త ఉంది. పడవ వేగానికి తీగ వెనక్కి వాలుతుంది కనుక రాట్నం 30 మీటర్లు చూపినా గుండు నిజంగా అంత లోతులో ఉండదు.

డైవర్ అనే పళ్ళెం వంటి పరికరం రెండో దారి. నీటి ఒత్తిడికే అది కిందికీ, పక్కకూ దిగుతుంది; దాని అడుగున ఉండే అంకెను మార్చి ఎంత పక్కకు పోవాలో సరిచేస్తారు. మూడోది లెడ్‌కోర్: లోపల సీసపు తీగ ఉన్న అల్లిక దారం. ప్రతి పది గజాలకు దాని రంగు మారుతుంది, మామూలు వేగంలో ఒక్కో రంగు సుమారు ఐదు అడుగులు దిగుతుందని లెక్క వేసుకుంటారు. ఒడ్డు దగ్గర తక్కువ నీటిలో పడవ చప్పుడుకు చేప బెదురుతుంది. అప్పుడు ప్లేనర్ బోర్డు అనే తేలే బల్లకు దారాన్ని తగిలించి, పడవకు దూరంగా పక్కకు పంపుతారు.

పడవ వేగం ఎంత ఉండాలి?

చినూక్, కోహో, స్టీల్‌హెడ్‌లకు గంటకు 3.2 నుంచి 4.8 కిలోమీటర్లు, అంటే రెండు మూడు మైళ్ళు. లేక్ ట్రౌట్ బద్ధకపు చేప. దానికి అంతకన్నా తగ్గించి, ఎరను అడుగు నేలకు దాదాపు ఆనించి నడపాలి. గుండు నేలకు కొట్టుకుని మట్టి లేపితే కొందరు సంతోషిస్తారు కూడా, ఆ మట్టి చూసి లేక్ ట్రౌట్ వస్తుందని.

అయితే జీపీఎస్ చూపే వేగం పడవది, ఎరది కాదు. 25 మీటర్ల కింద నీరు ఒక దిక్కుకు పారుతూ ఉంటుంది. ఆ పారుదలకు ఎదురు వెళితే ఎర వేగంగా, వాలుకు వెళితే మందకొడిగా ఆడుతుంది. ఉత్తరానికి వెళుతున్నంతసేపు గుంజులే గుంజులు, దక్షిణానికి తిరగగానే నిశ్శబ్దం అంటే కారణం చాలాసార్లు ఇదే. గుండు దగ్గరి వేగాన్నీ, ఉష్ణోగ్రతనూ తెలిపే పరికరాలు ఉన్నాయి. సామానులో ఏదో ఒకదానికే డబ్బు పెట్టగలిగితే కొత్త ఎరలు మానేసి దీన్ని కొనుక్కోవాలని మా సలహా. అది లేనివారు తీగ వాలు చూసి, కర్ర కొన వణుకు చూసి అంచనా వేస్తారు.

తిన్నగా గీత గీసినట్టు నడపకూడదు. పడవ మలుపు తిరిగినప్పుడు బయటి వైపు ఎరలు వేగం పుంజుకుంటాయి, లోపలి వైపువి నెమ్మదించి కాస్త దిగుతాయి. బయటి కర్రలకు పడితే వేగం పెంచాలి, లోపలి వాటికి పడితే తగ్గించాలి. ఖర్చు లేని పరీక్ష ఇది.

ఏ ఎర వాడతారు? వానపాములు, రొయ్యలు పనికి వస్తాయా?

ఈ పనికి అవి పనికి రావు. ఎక్కువగా వాడేది స్పూన్: పలుచని, వంగిన లోహపు రేకు, చిన్న ఏల్‌వైఫ్ అంత ఉంటుంది. రెండోది ఫ్లాషర్, ఫ్లై జంట. ఫ్లాషర్ అంటే 20 నుంచి 28 సెంటీమీటర్ల పొడవున్న మెరిసే పలక. దానికి గాలం ఉండదు. నీటిలో అది గిరగిరా తిరుగుతూ దూరపు చేపకు తళుకు చూపిస్తుంది. దాని వెనక రెండు అడుగుల దూరంలో కుచ్చులా కట్టిన ఫ్లై ఉంటుంది, గాలం అందులో. పలక ప్రతి తిప్పుకూ ఫ్లై ఒక్కసారి విదిలించినట్టు కదులుతుంది. సాల్మన్‌ను రెచ్చగొట్టేది ఆ విదిలింపే. ఫ్లైకి బదులు హెర్రింగ్ చేప ముక్క పెట్టేవారూ ఉన్నారు.

రంగుల గురించి జరిగే చర్చకు అంతు లేదు. ఖాయంగా చెప్పగలిగింది కొంచెమే: ఎరుపు కొద్ది లోతుకే మాయమవుతుంది, ఆకుపచ్చ, నీలం లోతుకు కూడా కనిపిస్తాయి, తెల్లవారుజామున చీకటిలో వెలిగే పూత ఉన్నవి పని చేస్తాయి. దుకాణాల గోడల నిండా వేలాడే మిగిలిన వందల రంగులు పట్టేది ముందుగా మనుషులనే.

చేప పడ్డాక ఏం చేయాలి?

ముందుగా కర్రను గూటిలోంచి తీసి కొన పైకి ఉంచాలి, దారం వదులు కానివ్వకూడదు. పెద్ద చినూక్ మొదటి పరుగులో 100 మీటర్ల దారం లాక్కుపోగలదు, దాన్ని పోనివ్వాలి. రీలును చేత్తో పట్టి ఆపబోతే దారం తెగుతుంది, లేదా వేళ్ళు కమిలిపోతాయి. పడవను పూర్తిగా ఆపరు, ఆపితే మిగతా గాలాలన్నీ మునిగి ఒకదానికొకటి చిక్కుకుంటాయి. చేప దగ్గరికి వచ్చాక చేతివలను తల వైపు నుంచి పెట్టాలి. తోక వైపు నుంచి పెడితే అది ముందుకు దూకి పోతుంది.

మిషిగన్ రాష్ట్రంలో ఇంతవరకు పెద్ద చినూక్‌గా నమోదైనది 2021లో లుడింగ్‌టన్ దగ్గర పడింది, బరువు 47.86 పౌండ్లు, సుమారు 21.7 కిలోలు. మామూలుగా పడేవి అందులో సగానికి కూడా తూగవు.

ఏ నెలలో వెళితే మంచిది?

ఏప్రిల్, మే నెలల్లో మిషిగన్ సరస్సు దక్షిణ కొసన, అంటే చికాగో, ఇండియానా వైపు, ఒడ్డు దగ్గరి నీరే ముందుగా వెచ్చబడుతుంది కనుక కోహో, బ్రౌన్ ట్రౌట్ అక్కడికే చేరతాయి. చిన్న పడవ ఉన్నవారికి ఇదే కాలం. జూన్ నుంచి ఆగస్టు వరకు లోతు వేట. ఆగస్టు చివర, సెప్టెంబరులో ఎదిగిన చినూక్‌లు తాము పుట్టిన ఏళ్ళ మొగల దగ్గర గుమిగూడతాయి. అవి గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి, కోహోలూ అంతే. స్టీల్‌హెడ్, బ్రౌన్, లేక్ ట్రౌట్‌లు గుడ్లు పెట్టాక కూడా బతికే ఉంటాయి. సంక్రాంతికి వెళ్ళేవారు ట్రోలింగ్ మాట మరచిపోవచ్చు.

పులస కూడా ఇలాగే ఏరు ఎక్కుతుంది కదా! దాన్ని గాలంతో ఎందుకు పట్టరు?

ఏటికి ఎదురు వచ్చి గుడ్లు పెట్టడం రెండింటికీ ఉమ్మడి గుణమే. కాని పులస నీటిలోని సూక్ష్మజీవులను మొప్పలతో వడకట్టి తినే చేప. ఎర మింగే అలవాటే దానికి లేదు. అందుకే వరద ఎర్రనీటిలో దానికి వల తప్ప దారి లేదు. సాల్మన్ వేటాడి తినేది. ఏటి మొగకు చేరేసరికి అదీ తిండి మానేస్తుంది గాని, ముందు నుంచి పోయే మెరుపును కరిచే బుద్ధి దానికి ఇంకా పోదు. ఇంకొక తేడా తినేవాళ్ళకు తెలియాలి. గోదావరి నీరు తగిలాక పులసకు రుచి వస్తుందంటారు. సాల్మన్ సంగతి తలకిందులు: ఒంట్లో కొవ్వంతా ప్రయాణానికీ, గుడ్లకూ ఖర్చయిపోయి, ఏరెక్కిన చినూక్ కండ పాలిపోయి మెత్తబడుతుంది. నడి సరస్సులో వెండిలా మెరుస్తున్నప్పుడు పట్టినదే తినడానికి బాగుంటుంది.

సొంత పడవ లేదు. ఒక్కసారి వెళ్ళి చూడాలంటే?

చార్టర్ పడవలు ఉంటాయి. అమెరికా తీరరక్షక దళం లైసెన్సు ఉన్న కెప్టెన్ నడుపుతాడు. సాధారణంగా ఆరుగురి వరకు ఎక్కించుకుంటారు. తెల్లవారకముందే బయలుదేరి ఐదారు గంటలు తిప్పుతారు. సామానంతా వాళ్ళదే, చేపను కోసి, శుభ్రం చేసి, సంచుల్లో పెట్టి ఇస్తారు. సహాయకుడికి ఛార్జీలో 15 నుంచి 20 శాతం విడిగా ఇవ్వడం అక్కడి మర్యాద. పడవ ఊపుకు వాంతులయ్యేవారు మాత్ర ఎక్కాక వేసుకుంటే లాభం లేదు. డాక్టరును అడిగి ముందుగానే వేసుకోవాలి.

కోనసీమ వారికి ఒక మనవి: ఫలహారంగా అరటిపండ్లు పట్టుకుపోవద్దు. అరటిపండు ఎక్కిన పడవకు చేప పడదని అక్కడి వేటగాళ్ళ నమ్మకం, కొందరు కెప్టెన్లు గట్టిగానే పట్టించుకుంటారు. రావులపాలెం మార్కెట్టు చూసి పెరిగినవాడికి ఇది మింగుడుపడదు గాని, పడవ వాళ్ళది.

లైసెన్సు కావాలా? చూడడానికి వచ్చినవారికి కూడా ఇస్తారా?

గాలం పట్టే ప్రతి పెద్దవారికీ కావాలి, చార్టర్‌లో అయినా సరే. ఆ రాష్ట్రంలో నివాసం లేనివారికి ఒకటి రెండు రోజులకు చెల్లే లైసెన్సులు ఉంటాయి; ఆన్‌లైన్‌లో గాని వేట సామాను దుకాణంలో గాని కొనుక్కోవచ్చు. విస్కాన్సిన్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో మహా సరస్సుల సాల్మన్, ట్రౌట్ కోసం సాధారణంగా అదనంగా ఒక స్టాంపు తీసుకోవాలి. కెనడా జలాల్లోకి పోతే ఒంటారియో లైసెన్సు వేరు. రోజుకు ఎన్ని చేపలు, ఏ జాతివి ఎన్ని, మనిషికి ఎన్ని గాలాలు అన్నవి రాష్ట్రాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారుతాయి కనుక ఆ రాష్ట్ర సహజ వనరుల శాఖ ప్రచురించే ఆ ఏటి నియమాలనే చూడాలి, పక్క పడవవాడి మాటను కాదు.

ఈత వచ్చినవారికి కూడా లైఫ్ జాకెట్ తప్పదా?

తప్పదు. గోదావరి పాయలు ఈదినవారికి అక్కడే పొరపాటు జరుగుతుంది. మన నీరు 28, 30 డిగ్రీలు. మే నెలలో మిషిగన్ సరస్సు నడి భాగం 5 డిగ్రీలు ఉండవచ్చు. అంత చల్లని నీటిలో పడగానే ఊపిరి అదుపు తప్పుతుంది, కొద్ది నిమిషాల్లో చేతులు మొద్దుబారతాయి. ఈత రావడం రాకపోవడం అప్పుడు లెక్కలోకి రాదు. పైన 30 డిగ్రీల ఎండ కాస్తున్నా ఉన్ని చొక్కా, గాలి ఆపే కోటు దగ్గర ఉంచుకోవాలి.

పట్టిన చేపను తినవచ్చా? పులుసుకు బాగుంటుందా?

తినవచ్చు, అయితే మితంగా. పాత పరిశ్రమల నుంచి చేరిన పీసీబీలు అనే విష రసాయనాలు, పాదరసం ఈ సరస్సుల పెద్ద చేపల్లో పోగుపడతాయి. పెద్దది, ముసలిది అయినకొద్దీ ఎక్కువ. ఇరవై ఏళ్ళకు పైగా బతకగల లేక్ ట్రౌట్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పీసీబీలు కొవ్వులో ఉంటాయి కనుక చర్మం, పొట్ట కొవ్వు, వెన్ను మీది కొవ్వు తీసేసి, మిగతా కొవ్వు కారిపోయేలా కాల్చుకుంటే తగ్గుతాయి. పాదరసం కండలోనే ఉంటుంది, అలా పోదు. నెలకు ఎన్నిసార్లు తినవచ్చో ప్రతి రాష్ట్రమూ జాతి వారీగా ప్రకటిస్తుంది. గర్భిణులకు, పిల్లలకు ఆ లెక్క ఇంకా తక్కువ.

వంట సంగతికి వస్తే, సాల్మన్ కండ పొరలు పొరలుగా విడిపోతుంది కాబట్టి మన పులస పులుసులా గంటల తరబడి మరిగిస్తే చారులో కలిసిపోతుంది. పులుసు ముందుగా చిక్కగా కాచుకుని, ముక్కలు చివర వేసి, ఆరేడు నిమిషాల్లో దించేయాలి. లేత కోహో వేపుడుకు శ్రేష్ఠం. లేక్ ట్రౌట్‌కు కొవ్వు వాసన ఎక్కువ. దానికి చింతపండు పులుపు కాస్త ఎక్కువే పట్టాలి.

ఈ పద్ధతి మన దగ్గర పనికి వస్తుందా? ట్రౌట్‌ను ఇక్కడ పెంచవచ్చా?

రెయిన్‌బో ట్రౌట్‌కు 25 డిగ్రీలు దాటితే బతకడమే కష్టం. డెల్టా చెరువుల్లో, కాలవల్లో అది బతకదు. మన దేశంలో ట్రౌట్ ఉన్నది కశ్మీర్, హిమాచల్, సిక్కిం, నీలగిరులు, మున్నార్ వంటి చల్లని చోట్లే. ఇక కొల్లేరులో ట్రోలింగ్‌కు లోతు లేదు, పైగా అది అభయారణ్యం.

పద్ధతి మాత్రం పండుగొప్పకు సరిపోతుంది. ఆస్ట్రేలియాలో ఇదే చేపను ఏటి మొగల్లో చేప ఆకారపు ఎరలు లాగుతూ పడతారు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ మొగల్లో ప్రయత్నించేవారికి డౌన్‌రిగ్గర్ అక్కర్లేదు. రెండు మూడు మీటర్లు దిగే మూతి ఉన్న ఎర, గట్టి అల్లిక దారం, దాని చివర పండుగొప్ప మొప్ప అంచు పదునుకు తెగని మందపాటి నైలాను తాడు చాలు. పాటు మొదలై పక్క కాలవల నీరు పెద్ద పాయలోకి దిగే వేళ ఆ కాలవ నోళ్ళ ముందు నుంచి నెమ్మదిగా లాగాలి. కోరింగ అభయారణ్యం హద్దుల్లో వేట కూడదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మోటారు పడవల వేటపై నిషేధం ఉంటుంది కనుక, ఆ రోజుల్లో మొగ దాటి బయటికి పోకూడదు.